రాతి పొడికీ రేటు పలుకుతున్నది
గ్రానైటు, నాపరాతి వ్యర్థాలతో కట్టుబడి సామగ్రి: ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

(మా వాణిజ్య విలేఖరి)

రాతి వ్యాపారంలో చాలాకాలం పలక ఒక్కటే సరుకు. తక్కినదంతా ఖర్చు. బ్లాకు కోయగా మిగిలిన ముక్కలను ఎత్తి పారవేయటానికి కూలి, బురదను గుంటలో పోయటానికి ట్యాంకరు కిరాయి, ఆ గుంటకు స్థలం, ఇవన్నీ పలక ధరపైనే పడేవి. చీమకుర్తి గ్యాలక్సీ అయినా, కరీంనగరు టాన్ బ్రౌన్ అయినా, తాండూరు బండలయినా, బేతంచెర్ల నాపరాళ్ళయినా ఈ లెక్కలో తేడా లేదు.

ఇప్పుడు ఆ కుప్పల దగ్గరకు కొనుగోలుదార్లు వస్తున్నారు. ఇటుకల తయారీదార్లు, సిమెంటు దిమ్మెలు పోసేవారు, పేవర్ బ్లాకుల యూనిట్లు, రోడ్డు కంట్రాక్టర్లు తమకు కావలసిన రకం ఏదని అడుగుతున్నారు. అయితే “రాతి వ్యర్థం” అనే ఒక్క మాట క్రింద నాలుగు విధాల సరుకు చేతులు మారుతున్నది. ఏది దేనికి పనికివస్తుందో తెలియక బేరం కుదుర్చుకొన్నచోట తగాదాలు తప్పటం లేదు. వర్తకులు, దళారులు గమనించవలసిన వివరాలను ఇక్కడ ఇస్తున్నాము.

ఇసుక కొరతే అసలు కారణం

రాతి పొడికి గిరాకీ దానంతట అది రాలేదు. నదీ ఇసుక సులభంగా దొరకకపోవటం వల్ల వచ్చింది. 2012 ఫిబ్రవరి 27న సుప్రీం కోర్టు దీపక్ కుమార్ కేసులో ఇచ్చిన ఉత్తర్వుతో ఐదు హెక్టార్ల లోపు చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అయినది. ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక విధానం 2016లో, 2019లో, మరల 2024లో మారింది. 2019లో పాత విధానం ఆగి, కొత్త విధానం సెప్టెంబరులో అమలుకు వచ్చేలోపల ఏర్పడిన కొరతకు కట్టుబడి పనులు నిలిచి, మేస్త్రీలు, కూలీలు పనులు లేక ఇబ్బంది పడిన సంగతి వ్యాపారులకు గుర్తుండే ఉంటుంది.

ఆ అనుభవం తర్వాత ఒక్క నదినే నమ్ముకొని కంట్రాక్టు వ్రాసుకొనేవారు తగ్గారు. రాతిని మరపట్టి తీసిన ఇసుకకు, అనగా హైదరాబాదు బజారులో “రోబో ఇసుక” అని పిలిచే సరుకుకు, నిలకడైన స్థానం దొరికింది. దాని వెనుకనే డస్టు, ఆ వెనుక బురద పొడి మార్కెట్టులోకి వచ్చాయి.

సరుకు నాలుగు రకాలు

మొదటిది ముక్క. గనిలో పగుళ్ళు, మరకలు ఉన్నందున బ్లాకుగా చెల్లని రాయి, కోత యూనిట్లలో అంచులు తీయగా మిగిలిన తునకలు ఈ రకంలోకి వస్తాయి. వీటిని క్రషరులో వేస్తే 40 ఎం.ఎం., 20 ఎం.ఎం. కంకర, బేబీ చిప్స్ వస్తాయి. రాయి గట్టిది కాబట్టి దీని నాణ్యతపై పెద్దగా పేచీ ఉండదు. పెద్ద ముక్కలు పునాదికి, గట్టు కట్టడానికి, రోడ్డు అంచు రాళ్ళకు అమ్ముడుపోతాయి.

రెండవది క్రషరు డస్టు. కంకర ఆడించినపుడు జల్లెడ క్రింద పడే 4.75 ఎం.ఎం. లోపు సరుకు ఇది. బూడిద ఇటుకలలో, సిమెంటు దిమ్మెలలో చాలాకాలంగా వాడుతున్నారు.

మూడవది మరపట్టిన ఇసుక. ఇది వ్యర్థం కాదు, తయారు చేసిన సరుకు. రాయిని నిలువు షాఫ్టు యంత్రంలో కొట్టించి, గింజకు గుండ్రని రూపు తెచ్చి, అధికంగా ఉన్న మెత్తని పొడిని కడిగి లేదా గాలితో ఊది తీసివేస్తారు.

నాలుగవది కోత బురద, ఆరిన తర్వాత పొడి. గ్రానైటు బ్లాకును నీళ్ళతో కోసినపుడు, పాలిష్ పట్టినపుడు వచ్చేది ఇదే. ఇందులో ఎక్కువ భాగం 75 మైక్రాన్లకంటె సన్నగా, చేతికి ముఖం పౌడరువలె తగులుతుంది. అన్నింటిలోకి చవక ఇదే, చిక్కులన్నీ ఉన్నది కూడా ఇందులోనే.

బురద ఎంత వస్తుంది?

లెక్క తేలికే. గ్యాంగ్‌సా మీద 20 ఎం.ఎం. పలక కోస్తున్నారనుకొందాం. బ్లేడు తినివేసే మందం 6 ఎం.ఎం. అనుకొంటే ఒక్కొక్క పలకకు 26 ఎం.ఎం. రాయి ఖర్చవుతుంది. ఒక మీటరు మందం గల బ్లాకులో 38 పలకలు వస్తాయి. ఘన మీటరు రాతిలో పలకగా నిలిచేది 0.76 వంతు, పొడి అయిపోయేది 0.24 వంతు. సాధారణ గ్రానైటు ఘన మీటరుకు 2.7 టన్నులు తూగుతుంది కాబట్టి, సుమారు 650 కిలోల పొడి వచ్చినట్లు. పాలిషులో పోయేది, అంచు ముక్కలు దీనికి అదనం.

అనగా రోజుకు 10 ఘన మీటర్లు కోసే యూనిటు నుండి ఎండు లెక్కన ఆరున్నర టన్నుల పొడి వస్తుంది. దీన్ని కొనే దిమ్మెల యూనిటు సంగతి చూద్దాం. రోజుకు 17 కిలోల దిమ్మెలు 5,000 పోసేవారికి 85 టన్నుల సరుకు కావాలి. అందులో ఇసుక, డస్టు భాగం 40 శాతం అనుకొంటే 34 టన్నులు. దానిలో 15 శాతం మేరకు బురద పొడి కలిపినా ఖర్చయ్యేది 5 టన్నులే.

ఈ లెక్క చెప్పే సంగతి ఒకటి ఉన్నది. ఒక్క కోత యూనిటు బురదను ఒక్క దిమ్మెల యూనిటు పూర్తిగా తీసుకోలేదు. కోత యూనిట్లు గుంపుగా ఉన్న కేంద్రాలలో సరుకు ఎప్పుడూ గిరాకీని మించే ఉంటుంది. ధర నిర్ణయించే అవకాశం కొనేవారి చేతిలోనే ఉంటుంది. బురద పొడిపై పెద్ద ధర ఊహించుకొని నిల్వలు పెట్టుకోవటం వ్యాపారం అనిపించుకోదు. పారవేత ఖర్చు తప్పటమే యూనిటుకు మొదటి లాభం, పైన వచ్చేది కొసరు.

సిమెంటుకు బదులు కాదు

దళారులు కొందరు బురద పొడిని “బూడిద వంటిదే” అని చెప్పి అమ్మజూపుతున్నారు. ఇది పొరపాటు మాట.

ధర్మల్ కేంద్రాల బూడిదలోని సిలికా గాజు రూపంలో ఉంటుంది. సున్నం, నీరు తగిలితే దానితో కలిసి క్రమంగా గట్టిపడుతుంది. విశాఖపట్నంలోని ఇన్స్వారెబ్ సంస్థ రూపొందించిన ఫాల్-జి ఇటుకలకు, అనగా బూడిద, సున్నం, జిప్సం కలిపి చేసే ఇటుకలకు, ఆధారం ఈ గుణమే. గ్రానైటు పొడిలోని సిలికా స్ఫటిక రూపంలో ఉంటుంది. మామూలు వేడిలో అది సున్నంతో కలియదు. ఎంత సన్నగా ఉన్నా అది రాయే.

కాబట్టి గ్రానైటు పొడి ఇసుకలో కొంత భాగానికి బదులుగా, గింజల మధ్య ఖాళీలు నింపే సరుకుగా పనికివస్తుంది. సిమెంటు తగ్గించి ఆ స్థానంలో దీన్ని పోస్తే దిమ్మె బలం తగ్గుతుంది. సిమెంటు తగ్గకుండా కొద్దిపాళ్ళలో ఇసుక స్థానంలో వాడితే దిమ్మె ముఖం నునుపుగా, అంచు గట్టిగా వస్తుంది. పాలు పెంచినకొద్దీ పొడి నీటిని పీల్చుకొంటుంది. నీరు ఎక్కువ పోయవలసి వస్తుంది. నీరు పెరిగితే బలం పడిపోతుంది. ఈ కారణంగానే ఏ యూనిటు అయినా ముందు మచ్చు దిమ్మెలు పోసి, 28 రోజుల తర్వాత నలిపి చూచుకొన్నాకనే పాళ్ళు ఖాయం చేసుకోవాలి.

ఆవిరితో ఉడికించే తేలిక దిమ్మెలలో మాత్రం పరిస్థితి వేరు. సుమారు 180 డిగ్రీల వేడి, అధిక పీడనం గల ఆవిరిలో స్ఫటిక సిలికా కూడా సున్నంతో కలుస్తుంది. అందువల్ల ఆ పరిశ్రమలో సన్నని గ్రానైటు పొడికి శాస్త్రరీత్యా అవకాశం ఉన్నది. కాని ధర్మల్ కేంద్రాలకు దగ్గరలో ఉన్న యూనిట్లు బూడిదను వదలి రాతి పొడికి రావటం తేలిక కాదు. బూడిద వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 1999 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్‌తో మొదలుపెట్టి 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ దాకా ధర్మల్ కేంద్రాలకు బాధ్యతగా విధించింది. రాతి పొడి పోటీ పడవలసింది ఆ వెనుక బలం గల సరుకుతో.

గ్యాంగ్‌సా బురద, డైమండ్ బురద ఒకటి కావు

కొనేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న: రాయి ఏ యంత్రంపై కోశారు?

పాత పద్ధతి గ్యాంగ్‌సాలలో బ్లేడుతోపాటు ఉక్కు రవ్వ, సున్నం కలిపిన నీటిని పోస్తూ కోస్తారు. ఆ బురదలో అరిగిన ఉక్కు మిగిలిపోతుంది. దానితో పోసిన లేతరంగు టైలు లేదా పేవర్ బ్లాకు వానకు తడిస్తే గోధుమరంగు తుప్పు మరకలు పైకి తేలుతాయి. గోడ లోపల ఉండి పూత పడే దిమ్మెలో మరకతో పెద్ద నష్టం లేదు. పైకి కనపడే సరుకులో మాత్రం లోడు మొత్తం తిరిగి వచ్చే ప్రమాదం ఉన్నది.

డైమండ్ కట్టరుతోగాని, డైమండ్ తీగల మల్టీవైరు యంత్రంతోగాని కోసినపుడు ఉక్కు రవ్వ వాడరు. ఆ బురద శుభ్రమైనది. టైలు, పేవరు యూనిట్లకు ఇదే తగినది. ఒకే ఆవరణలో రెండు రకాల యంత్రాలు ఉంటే బురద కలిసిపోకుండా వేరు వేరు తొట్లు పెట్టించుకొనే యూనిటు సరుకుకు ఎక్కువ అడగటం న్యాయమే. అయస్కాంతం ఒకటి దగ్గర ఉంచుకొని ఎండు మచ్చుపై ఆడించి చూస్తే సగం సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇసుక పేరుతో డస్టు

అన్నింటికంటె ఎక్కువ నష్టం తెచ్చే వ్యవహారం ఇది. క్రషరు డస్టును రోబో ఇసుక బిల్లుతో పంపటం అక్కడక్కడ జరుగుతున్నది. కంటికి రెండూ ఒకటిగానే ఉంటాయి. శ్లాబు పోసిన తర్వాత తేడా తెలుస్తుంది.

భారత ప్రమాణాల సంస్థవారి ఐ.ఎస్. 383, 2016 నాటి కూర్పు, మరపట్టిన ఇసుకను కాంక్రీటులో వాడటానికి అంగీకరించింది. సహజమైన ఇసుకలో 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి 3 శాతం మించరాదు. రాయి ఆడించి తీసిన ఇసుకలో 15 శాతం దాకా చెల్లుతుంది. జల్లెడ పట్టని డస్టులో ఇది ఎంత ఉంటుందో క్రషరును బట్టి, రాయిని బట్టి మారుతుంది. గింజ కూడా పలచగా, సూదిగా ఉంటుంది. అట్టి డస్టుతో పోసిన కాంక్రీటుకు నీరు ఎక్కువ కావాలి. ఆరినపుడు పగుళ్ళు రావచ్చు.

పరీక్ష ఖర్చు లోడు ధరతో పోలిస్తే స్వల్పం. జల్లెడ పరీక్ష నివేదిక లేకుండా ఇసుక పేరుతో వచ్చిన రాతి సరుకును శ్లాబుకు ఇవ్వరాదు. ఇల్లు కట్టుకొనే మనిషి జీవితంలో ఒక్కసారే శ్లాబు పోసుకొంటాడు. డస్టుకు, ఇసుకకు మధ్య ఉన్న ధర తేడా సరఫరాదారుకు ఒకనాటి లాభం. దాని ఫలితం అనుభవించేది ఆ ఇంటివారు.

డస్టుకు దాని స్థానం దానికి ఉన్నది. ఇటుకలు, దిమ్మెలు, రోడ్డు అడుగు పొరలు, గచ్చు క్రింద నింపుడు, వీటన్నిటిలో డస్టును డస్టుగానే, డస్టు ధరకే అమ్ముకోవచ్చు.

పేవర్ బ్లాకులకు సరుకు ఇచ్చేవారు మరింత జాగ్రత్త పడాలి. ఐ.ఎస్. 15658 ప్రకారం వాహనాలు తిరగని నడకదారికి ఎం-30, బరువు వాహనాలు తిరిగేచోట ఎం-50 బలం కావాలి. నడకదారికి చెల్లిన పాళ్ళు పెట్రోలు బంకు ఆవరణకు చెల్లవు.

నాపరాతి దారి వేరు

తాండూరు, బేతంచెర్ల బండలు గ్రానైటు కావు, సున్నపురాయి. కనుక వాటి వ్యర్థానికి వేరే దారులు ఉన్నవి.

ముక్కలు, పొడి రెండింటిలోను ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేటు. సిమెంటు బట్టీకి కావలసిన ముడిసరుకు ఇదే. తాండూరు చుట్టుప్రక్కల, కర్నూలు, కడప ప్రాంతాలలో సిమెంటు ఫ్యాక్టరీలు నెలకొనటానికి కారణమైన రాయి కూడా సున్నపురాయే. అయితే ఫ్యాక్టరీవారు రాయిని సున్నం శాతం చూచి తీసుకొంటారు. సిలికా, మట్టి ఎక్కువగా కలిసిన కుప్పను త్రిప్పి పంపుతారు. గని కుప్పలో పైమట్టి కలవకుండా వేరు చేసి పెట్టుకొన్న గనిదారుకే ఈ మార్కెట్టు అందుతుంది.

2023లో ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 18189 క్రింద కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపిన కొత్తరకం సిమెంటుకు ప్రమాణం ప్రకటించింది. ఈ సిమెంటు మూల సూత్రంలో క్లింకరు సగం, కాల్చిన మట్టి 30 శాతం, కాల్చని సున్నపురాయి 15 శాతం, జిప్సం 5 శాతం. ఇందులో సున్నపురాయిని బట్టీలో వేయనవసరం లేదు కనుక క్లింకరుకు చెల్లని తక్కువ రకం రాయి కూడా పనికివచ్చే వీలున్నది. ఈ రకం సిమెంటు తయారీ పెరిగినకొద్దీ నాపరాతి పొడికి కొత్త గిరాకీ ఏర్పడగలదు. బండల కేంద్రాలలోని వర్తకులు దీనిపై కన్ను వేసి ఉంచటం మంచిది.

పాలరాతి విషయంలో రాజస్థాన్ అనుభవం ఒక హెచ్చరిక. కిషన్‌గఢ్‌లో పాలరాతి బురద పోసిన స్థలం మంచు మైదానంవలె తెల్లగా పరచుకొని, చూడవచ్చేవారితో, ఫోటోలు తీసుకొనేవారితో నిండిపోతున్నది. చూడటానికి బాగున్నా, అమ్ముడుపోని సరుకు అంత పేరుకొన్నదనే దాని అర్థం.

నీటికి కిరాయి కట్టవద్దు

రాతి పొడి విలువ తక్కువ, బరువు ఎక్కువ. ఇట్టి సరుకులో లాభనష్టాలు తేల్చేది లారీ కిరాయి.

ఫిల్టరు ప్రెస్సులో పిండిన బురద ముద్దలో కూడా పాతిక శాతం నీరు ఉండవచ్చు. 10 టన్నుల లోడుకు రూ. 6,000 కిరాయి అనుకొందాం. కాంటాపై టన్నుకు రూ. 600 పడినట్లు కనపడుతుంది. కాని లోడులో ఎండు పొడి ఏడున్నర టన్నులే. నిజంగా పడినది టన్నుకు రూ. 800. అదే సరుకును ఎండబెట్టి 10 శాతం తేమకు తెస్తే ఎండు టన్నుకు కిరాయి సుమారు రూ. 667 అవుతుంది. టన్నుకు రూ. 133 ఎండలోనే సంపాదించినట్లు.

ఘనపుటడుగుల లెక్కన కొన్నా చిక్కే. తడి ఇసుక ఉబ్బుతుంది. 5 శాతం ప్రాంతంలో తేమ ఉన్న ఇసుక పాతిక శాతం దాకా ఎక్కువ చోటు ఆక్రమించవచ్చు. గింజ సన్నమైనకొద్దీ ఉబ్బు ఎక్కువ. కనుక తూకానికి కొంటే నీటికి, కొలతకు కొంటే గాలికి డబ్బు ఇచ్చినట్లవుతుంది. ఎండు తూకం లెక్క, తేమకు తరుగు, ఈ రెండూ వ్రాసుకొన్న బేరమే శ్రేయస్కరం.

బేరంలో వ్రాసుకోవలసినవి

రాయి పేరు, గని, కోసిన యంత్రం, తేమ శాతం, అది మించితే తరుగు, జల్లెడ నివేదిక, ధర యూనిటు గేటు వద్దనా, దిగుమతి స్థలంలోనా, సరుకు తిరస్కరిస్తే వాపసు కిరాయి ఎవరిది? ఈ సంగతులన్నీ ఒక కాగితంపై ఉంటే తగాదాలు చాలావరకు తగ్గుతాయి.

పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుండి గ్రానైటు బ్లాకులపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి, సిమెంటుపై 28 నుండి 18 శాతానికి తగ్గింది. రాతి పొడి, కంకర 2517 శీర్షిక క్రింద 5 శాతంలో ఉన్నవి.

పర్మిటు విషయంలో అజాగ్రత్త పనికిరాదు. 1957 నాటి ఖనిజాల చట్టం 15వ సెక్షన్ క్రింద చిన్నతరహా ఖనిజాలపై నిబంధనలు చేసే అధికారం రాష్ట్రాలది. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ నిబంధనలు ఈ వ్యాపారానికి మూలం. వ్యర్థమని పేరు పెట్టినంత మాత్రాన గని నుండి కదిలే రాయికి సీనరేజీ ప్రశ్న తీరిపోదు. లోడు వెంట సరైన కాగితం లేకపోతే లారీ నిలిచేది మధ్యదారిలో, నష్టం పడేది కొన్నవారిపై.

ధరలో చేరని ఖర్చు

బురద తడిగా ఉన్నంతసేపు ఎవరికీ హాని కనపడదు. ఆరి గాలికి లేచినపుడు అసలు ప్రమాదం. గ్రానైటు పొడిలోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో ఇది ప్రకటించిన వ్యాధిగా ఉండేది. పొలాల అంచున పోసిన బురద ఆరి నేలపై పొరగా గట్టిపడితే వాన నీరు ఇంకదు.

అందువల్ల ఎండు పొడి వ్యాపారంలో దిగేవారు ఎత్తుబడి కూలీల గురించి ముందే ఆలోచించాలి. పొడిని తడి ముద్దగా, మూతలు కప్పిన లారీలో పంపటం, దింపేచోట నీరు చల్లటం, సంచులకు ఎత్తేచోట దుమ్ము లాగే పంఖా, కూలీలకు తగిన ముసుగు ఏర్పాటు చేయటం అవసరం. పూర్తిగా ఎండబెడితే కిరాయి మిగిలే మాట నిజమే. కాని చేతితో ఎత్తే యూనిట్లకు దుమ్ము లేవనంత తేమ ఉంచి అమ్మటమే సరైన పద్ధతి. ఆ నాలుగు నీళ్ళ కిరాయిని మనుషుల ఆరోగ్యం క్రింద జమ వేసుకోవాలి.

ముందు ముందు

ముక్కకు, కంకరకు గిరాకీ కట్టుబడి పనులను బట్టి సాగుతుంది. పరీక్ష నివేదికతో వచ్చే మరపట్టిన ఇసుకకు నదీ ఇసుక సరఫరాలో ఒడుదుడుకులు వచ్చినప్పుడల్లా ధర పుంజుకొంటుంది, ఇసుక ధారాళంగా వచ్చిన నెలలలో మెత్తబడుతుంది. డస్టు ఇటుకల సీజనుతో నడుస్తుంది. బురద పొడి మాత్రం దగ్గరి గిరాకీ ఉన్నచోటనే సరుకు. దూరం పెరిగితే మరల వ్యర్థమే. కోత యూనిట్లకు ప్రక్కనే దిమ్మెలు, పేవర్ల యూనిట్లు లేచిన కేంద్రాలలో ఈ వ్యాపారానికి నిలకడ ఉంటుంది. తక్కిన చోట్ల కొత్తగా చేరేవారు కొనుగోలుదారుతో ముందుగా వ్రాతపూర్వకమైన ఒప్పందం కుదిరిన తర్వాతనే ఫిల్టరు ప్రెస్సుకు, ఎండబెట్టే కళ్ళానికి పెట్టుబడి పెట్టటం క్షేమం.